ఉక్కులో కనబడిన గొట్టాలు

హైటెక్ సిటీ దారిన పోయేవారికి కనబడేవి అద్దాల మేడలు. వాటిలో మొదటిదైన సైబర్ టవర్స్ 1998లో వెలసింది. ఆ ప్రాంతంలో కొందరు ఇంజనీర్లు రూపకల్పన చేసే చిప్పులలోని భాగాలు ఎంత చిన్నవంటే, వెలుతురు సాయంతో వాటిని చూడటం అసాధ్యం. అంతటి సూక్ష్మవస్తువులను చూపగల యంత్రం అక్కడికి సమీపంలోనే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్నది. దాని పేరు ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

వెలుతురు అలల రూపంలో ప్రసరిస్తుంది. ఆ అల పొడవులో సుమారు సగంకంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది విడదీసి చూపలేదు. అందుచేత మామూలు సూక్ష్మదర్శిని 200 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. 1931లో బెర్లినులో నోల్, రుస్కా అనే శాస్త్రజ్ఞులు వెలుతురుకు బదులు ఎలక్ట్రానులను, గాజు కటకాలకు బదులు అయస్కాంతపు తీగచుట్టలను వాడి చూచారు. 2 లక్షల వోల్టులతో పరుగెత్తే ఎలక్ట్రాను అల పొడవు 0.0025 నానోమీటర్లు మాత్రమే. రుస్కాకు నోబెల్ బహుమానం 1986లో గాని రాలేదు. ఆలస్యమే అనవలె!

యంత్రాన్ని నడుపుటకంటె వస్తువును సిద్ధపరచుట కష్టం. ఎలక్ట్రానులు దానిని చొచ్చుకొని అవతలికి రావలెను గనుక, అది సాధారణంగా 100 నానోమీటర్లకంటె పలుచగా ఉండవలె. గాలి తీసివేసిన గొట్టంలో దానినుంచి, అవతల పడే నీడను చదువుకొంటారు.

ఆ నీడలలో ఒకటి మన ప్రాంతపు పనితనానికి సంబంధించినది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసలలో కరిగించి తీసిన ఉక్కును కొనుటకు ఒకప్పుడు ఇరాను వర్తకులు వచ్చేవారు. ఆ జాతి ఉక్కుతోనే డమాస్కసు కత్తులు చేసేవారు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పాఫ్లర్ బృందం 17వ శతాబ్దపు కత్తి ముక్కను ఈ యంత్రంలో పరీక్షించి, అందులో కర్బన పరమాణువులతో అల్లిన సన్నని గొట్టాలను చూచినట్లు ప్రకటించింది.

అంతటితో మన పూర్వులకు నానో విద్య తెలుసునని పొంగిపోయినవారున్నారు. మేము అంతదూరం పోజాలము. కమ్మరికి తెలిసినది మూస, బొగ్గు, మంట, నిదానంగా చల్లార్చే ఓర్పు. ఆ విద్య తక్కువదేమీ కాదు. పైగా పరీక్షించినది ఒక కత్తిలోని రవ్వంత ముక్క. ఈ యంత్రం ఒకసారికి చూపేది ఆవగింజలో ఎన్నో వంతో! ఆ కత్తుల మీది అలల వంటి చారలకు కారణం ఖనిజంలోని కొద్దిపాటి వెనేడియం అని అమెరికాలో వెర్‌హోవెన్ అంతకుముందే వాదించారు. ఇట్టి తగవు ఒక్క ఛాయాచిత్రంతో తీరదు. చాల కత్తులు, చాల ముక్కలు చూడవలె.

కోనసముద్రం నుండి గచ్చిబౌలికి ఒక్కపూట ప్రయాణం.