అడవి తిండికి గురువులున్నారు



వరంగల్ వాళ్లకు తాడ్వాయి అడవి అంటే మేడారం దారి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వెళ్తాం, జంపన్న వాగులో మునుగుతాం, గద్దెలకు బంగారం సమర్పించి తిరిగొస్తాం. ఆ దారికి రెండు పక్కలా ఉన్న కోయ గూడేల్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో చూసినవాళ్లం మాత్రం చాలా తక్కువ. ఇవాళ నా మాటంతా ఆ పొయ్యి గురించే.

అడవి తిండి అనగానే పట్నం మనిషికి బొంగు చికెన్ గుర్తొస్తుంది. మారేడుమిల్లికో, అరకుకో వెళ్లి తిని, ఫొటోలు తీసుకుని వస్తారు. రుచిగానే ఉంటుంది, కాదనను. కానీ అడవి ఏడాది పొడవునా పెడుతుంది. ఎండలు ముదిరేసరికి తునికి పండ్లు, మొర్రి పండ్లు. వానలు పడగానే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, బోడకాకర. చలికాలం ఉసిరి, రేగు. చేతిలో గింజలు నిండుకున్న రోజుల్లో తవ్వి తెచ్చుకునే గడ్డలు. కొత్తగా వచ్చిన కాయనైనా పువ్వునైనా వేల్పుకు పెట్టకముందు నోట పెట్టరు. అందుకే కొత్తల పండుగ. కాయ ముదిరేదాకా ఎవరూ చెట్టు మీద చెయ్యి వేయకుండా ఆపే కట్టుబాటు అది. అటవీ శాఖ పుట్టకముందే అడవిని కాపాడిన చట్టమని నేను నమ్ముతాను.

ఇప్పపువ్వు దగ్గర కాస్త ఆగాలి. ఫాల్గుణ చైత్రాల్లో ఈ పువ్వు తెల్లవారుజామున దానంతటదే రాలుతుంది. కొమ్మ విరవనక్కర లేదు. ఎండ ఎక్కకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కిందికి చేరి ఏరుకుంటారు. కండపట్టిన రేకుల నిండా తీపే. ఎండబెడితే కిస్మిస్ రంగు తేలి నెలల తరబడి నిలవ ఉంటుంది. ఉడకబెట్టి తింటారు, పిండిలో కలిపి రొట్టె కాలుస్తారు. ఆ చెట్టు గింజ నుంచే వంటనూనె తీస్తారు. ఇంత పెట్టిన చెట్టును మనం సారాకు కట్టేసి వదిలేశాం. ఆబ్కారీ దాడి జరిగిన రోజు తప్ప పేపర్లో ఇప్పపువ్వు పేరు కనపడదు. ఇది పెద్ద అన్యాయం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం కట్టి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ పువ్వు మీద పడ్డ మచ్చను వాళ్లే తుడుస్తున్నారు.

ఇదంతా అడవిలోని వాళ్ల సంగతి, మనకేమిటి అనుకోవద్దు. గునుగు పూలతో బతుకమ్మను పేర్చే మన ఊళ్లలోనే గునుగు లేతాకును కూరగా వండేవారు. వినాయక చవితికి తుమ్మికూర తినే ఆచారం ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలింది. చెంచలి, దొగ్గలి ఎవరూ విత్తకుండా చేనులో మొలిచిన కూరలే. కలుపుమందు కొడితే మొదట పోయేవి అవే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఈ కూరల్ని కాపాడుకుంటూ, ఏటా పాత పంటల జాతర జరుపుతున్నారు.

అడవిలో దొరికిందల్లా తినొచ్చు అనుకుంటే ప్రమాదం. కొన్ని అడవి గడ్డల్లో విషం ఉంటుంది. ముక్కలు కోసి, పారే నీళ్లలో నానబెట్టి, విషం దిగాకే వండాలి. ఎంతసేపు నానాలో గూడెంలో పెద్దమ్మకు తెలుసు. ఆస్ట్రేలియా చరిత్రలో దీనికి కన్నీళ్లు పెట్టించే ఉదాహరణ ఒకటుంది. 1861లో బర్క్, విల్స్ అనే అన్వేషకులు ఆ ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటి, తిరుగుదారిలో కూపర్ క్రీక్ ఒడ్డున తిండి లేక చిక్కుకుపోయారు. అక్కడి యాండ్రువాంద ఆదివాసులు తినే నార్డూ అనే నీటిమొక్క కాయల్ని వీళ్లూ దంచుకుని తిన్నారు. కడుపు నిండింది కానీ రోజురోజుకీ నీరసించిపోయి ఇద్దరూ చనిపోయారు. శరీరంలోని బి1 విటమిన్‌ను నాశనం చేసే గుణం ఆ కాయకు ఉంది. ఆదివాసులు దాన్ని సిద్ధం చేసే పద్ధతిని వీళ్లు పూర్తిగా పాటించకపోవడమే చావుకు కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. వాళ్ల తోటివాడు జాన్ కింగ్ ఆ ఆదివాసుల పంచన చేరి, వాళ్లు పెట్టింది తిని బతికాడు. తిండి ఒకటే. గురువు ఉన్నవాడు బతికాడు.

ఆకలిని అందంగా చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. ఒడిశాలోని కాశీపూర్‌లో 2001లో మామిడి టెంకల జావ తాగినవాళ్లు చనిపోయారు. టెంకను తినే విద్య వాళ్లకు తాతల నాటిది. వానాకాలం నిలవ టెంకలకు బూజు పట్టింది, ఇంట్లో బియ్యం లేవు. ఆ చావులకు అడవిని గానీ, వాళ్ల అలవాటును గానీ తప్పుపట్టలేం.

ఇక డబ్బు సంగతి. పాయసంలో వేసుకునే సారపప్పు మొర్రి గింజలోంచే వస్తుంది. కొట్లో దాని ధర మీకు తెలుసు. ఏరినవాళ్ల చేతికి అందులో వచ్చేది కొంచెమే. దళారుల నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు ఆదివాసులదేనని 2006 అటవీ హక్కుల చట్టం రాసిపెట్టింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు. మకడమియా గింజ ఆస్ట్రేలియా ఆదివాసుల తిండి, దాన్ని మొదట పెద్ద వ్యాపారంగా పెంచింది హవాయిలో. ఇప్పపువ్వు రేపు పట్నం మిఠాయి దుకాణాల్లో మెరిసినప్పుడు మనకూ అదే జరగకూడదు.

అడవే లేకపోతే ఈ మాటలన్నీ వృథా. 2024 ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో ఒక్క ఈదురుగాలికి వేల చెట్లు కూలాయి. చెట్లను మళ్లీ నాటొచ్చు. వాటిని తినడం తెలిసిన ముసలివాళ్లు పోతే ఎవరిని అడుగుతాం?

అందుకే ఈ సభకు రెండు విన్నపాలు. ములుగు దారిలో తునికి పండ్ల బుట్టతో కూర్చున్న అక్క దగ్గర బేరం ఆడకుండా కొనండి, ఎట్లా తినాలో ఆమెనే అడగండి. కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం, తెలుగు చదివే పిల్లలారా, సెలవుల్లో గూడేలకు వెళ్లి పెద్దల ముందు కూర్చోండి. మొక్క పేరు, కాలం, వండే తీరు కోయ భాషలోనూ తెలుగులోనూ రాసుకోండి. ఆ పుస్తకం మీద చెప్పినవాళ్ల పేర్లే ముందు వేయండి.