గడువు పెట్టుకున్న సేవ: తెలుగు నేలపై యువ మిషనరీలు

జీతం లేకుండా, నిర్ణీత కాలంపాటు, సొంత ఊరు వదిలి వెళ్లి తమ సంఘం తరఫున మతబోధ చేయడాన్ని యువ మిషనరీ సేవ అనవచ్చు. ఈ పనిని అందరికంటే పకడ్బందీగా నడుపుతున్నది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. లోకవాడుకలో వీరు మోర్మన్లు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘానికి కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. 2024 చివరికి ప్రపంచమంతటా 74 వేలకు పైగా మిషనరీలు ఈ సంఘం తరఫున పనిచేస్తున్నారు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర గడువు. 2012 అక్టోబరులో అబ్బాయిల కనీస వయసును 19 నుంచి 18కి, అమ్మాయిలది 21 నుంచి 19కి తగ్గించాక సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అమ్మాయిలకు సేవ ఐచ్ఛికం. అబ్బాయిలకు మాత్రం విధి అనే బోధిస్తారు. స్వచ్ఛందం అన్న మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి.

చేరేదాకానే ఇష్టం, చేరాక అంతా నియమం. ఏ ఊరికి వెళ్లాలో కేంద్రమే నిర్ణయిస్తుంది. జంటగా తిరగాలి, జోడీ ఎవరో ఎంచుకునే వీలు లేదు. ఒకరినొకరు చూడగలిగే, వినగలిగే దూరం దాటకూడదు. చాలాకాలం నడిచిన దినచర్య ప్రకారం ఉదయం ఆరున్నరకు లేచి, అరగంట వ్యాయామం చేసి, ఎనిమిదికి ఒంటరిగానూ తొమ్మిదికి జోడీతోనూ గ్రంథపఠనం ముగించి, పదింటికి బయటపడి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమా లేదు, ప్రేమ వ్యవహారాలు లేవు. బట్టలుతుక్కోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి వారంలో ఒక రోజు. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు, మాతృదినానికి. ఆ తర్వాతే వారానికోసారి మాట్లాడుకోనిస్తున్నారు.

ఈ నియమాల్లో తెలుగు ఇళ్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది చిన్నదిగా కనిపించే ఒకటి. సంఘం పాటించే 1833 నాటి ‘జ్ఞాన వాక్యం’ అనే ఆరోగ్య నియమం మేరకు పొగాకు, మద్యంతోపాటు టీ, కాఫీ కూడా నిషేధం. గుమ్మం దాటి కూర్చోగానే ఇంటావిడ టీ గ్లాసు పట్టుకొస్తుంది. వద్దండీ అంటే చిన్నబుచ్చుకుంటుంది. మా ఇంట్లో తాగరా అన్న అనుమానం, దాని వెనకే కులం ప్రశ్న లేస్తాయి. కొబ్బరితోటల ఉద్దానం లాంటి చోట బొండాం నీళ్లతో గండం గట్టెక్కవచ్చు. పట్టణంలో ఆ వీలూ ఉండదు. పగటిపూట ఇంట్లో ఆడవాళ్లే ఉంటే మగ జంట లోపలికి వెళ్లకూడదన్న నియమం మరొకటి. అందువల్ల ఇక్కడ పని చాలావరకు సాయంత్రాలకు, ఆదివారాలకు జరుగుతుంది.

తెలుగువారికి నియమబద్ధమైన గడువు కొత్తేమీ కాదు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు నల్లబట్ట కట్టి, నేలమీద పడుకుంటాడు. పేరు పోయి ‘స్వామి’ మిగులుతుంది. నల్ల బ్యాడ్జీ మీద ‘ఎల్డర్’, ‘సిస్టర్’ అన్న మాట తర్వాత ఇంటిపేరే ఉండే మిషనరీకీ జరిగేది అదే. తేడా ఏమిటంటే మాలధారి తన వాళ్ల మధ్యే ఉంటాడు, ఎవరినీ తన దారికి రమ్మనడు.

మోర్మన్ సంఘం మన తీరానికి మొదట వచ్చినప్పుడు గడువూ లేదు, జేబులో డబ్బూ లేదు. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ సభ తొమ్మిది మందిని భారతదేశానికి నియమించింది. వారు 1853 ఏప్రిల్‌లో కలకత్తా చేరారు. అక్కడి నుంచి రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ తదితరులు మద్రాసు వచ్చారు. చేతిలో పైసా లేకుండా, విన్నవారు పెట్టింది తిని బోధించాలన్నది నాటి పద్ధతి. అమెరికా పల్లెల్లో సాగిన ఆ పద్ధతి ఇక్కడ చెల్లలేదు. దొరలు తలుపు తీయలేదు. కులకట్టుబాట్ల మధ్య బతికే జనంతో పంక్తి భోజనం కుదరదు. పైగా వారు బోధించింది ఎక్కువగా ఇంగ్లీషులో, యూరోపియన్లకు. బాలంటైన్ మద్రాసులో ఒక మాసపత్రిక కూడా నడిపాడు, ఏడాది తిరిగేసరికి అనారోగ్యంతో వెనుదిరిగాడు. 1856 నాటికి అందరిదీ అదే దారి.

తరువాత ఇరవై ఏళ్లకు ఇదే తీరానికి వచ్చిన కెనడా బాప్టిస్టులు మరో దారి పట్టారు. నోవా స్కోషియాలోని కాన్సోకు చెందిన హన్నా మరియా నారిస్ 1870లో తనను బర్మాకు పంపమని బోర్డును అడిగింది. డబ్బు లేదన్నారు. ఆమె ఊరూరా తిరిగి ముప్పైకి పైగా మహిళా సహాయ సంఘాలు పెట్టించి ఆ డబ్బు సమకూర్చింది. ఆ కదలికలోంచి 1873లో ఏడుగురు యువతీయువకులు ఓడెక్కారు. సయాం (నేటి థాయ్‌లాండ్)లో పని కుదరక 1875లో తెలుగు ప్రాంతానికి మళ్లారు. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, తరువాత పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట వారి కేంద్రాలయ్యాయి. వారిలో మటిల్డా చర్చిల్ దశాబ్దాల పాటు బొబ్బిలిలోనే ఉండిపోయింది.

వీరికి ముందు మునిషీ దగ్గర తెలుగు నేర్చుకోవడం, తరువాతే పని. ఎప్పుడు ఇంటికన్న ప్రశ్న లేకపోవడం వల్ల బడి, ఆసుపత్రి లాంటి ఏళ్లు పట్టే పనులు సాధ్యమయ్యాయి. సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రి అలా వచ్చిందే. అక్కడ కంటిశుక్లాలకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ కెనడాలో తన పని గురించి చెప్పగా విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థను మొదలుపెట్టాడు. రెండేళ్ల గడువులో ఇలాంటివి పుట్టవు. గడువులేని సేవకు వేరే జబ్బు ఉంది: దొర పెద్దరికం తరాలపాటు దిగదు, స్థానిక పాస్టరు చేతికి పగ్గాలు ఆలస్యంగా వస్తాయి.

కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి తెలుగునాట వేరు పట్టింది యువకులవల్ల కాదు, ఒక మధ్యవయసు దంపతులవల్ల. సమోవాలో పనిచేస్తున్న కీటకశాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీ 1977లో అక్కడే సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో స్వల్పకాలపు మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. బాప్తిస్మం పొందిన 22 మందిలో ఎక్కువమంది వారి బంధువులే. బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి ఈ సంఘపు పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేశారు. అందులోంచి ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. 1853లో ఇంగ్లీషు ప్రసంగాలు చేయలేని పనిని చుట్టరికం, తెలుగు కలిసి చేశాయి. 1993లో బెంగళూరు కేంద్రంగా ప్రత్యేక మిషన్ ఏర్పడింది. భారతదేశపు తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో హైదరాబాదులో వచ్చింది. రాజమహేంద్రవరం, విశాఖపట్నాల్లోనూ సంఘాలున్నాయి. విదేశీ మిషనరీలకు వీసాలు పరిమితం కాబట్టి ఇక్కడ తిరిగేవారిలో ఎక్కువమంది భారతీయ యువతే.

చట్టం కూడా వారి పని రూపాన్ని మార్చింది. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచార హక్కునిచ్చినా, అది మరొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు నిలబెట్టిన చట్టాల్లో ఒకటి ఇచ్ఛాపురం దాటగానే వచ్చే ఒడిశాది. 1967 నాటి ఆ చట్టం బలవంతంగా, ఆశ చూపి, మోసంతో చేసే మతమార్పిడికి ఏడాది దాకా జైలు విధిస్తుంది. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం తిరుమల లాంటి ప్రకటిత క్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధించింది. అందుకే అమెరికా వీధుల్లోలాగా తలుపు తలుపూ తట్టడం ఇక్కడి మిషనరీల పద్ధతి కాదు. సభ్యులు పరిచయం చేసినవారి దగ్గరికే వెళ్తారు.

యెహోవాసాక్షుల పయినీర్లు ఇంకో రకం. ఇల్లు వదలరు, ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ నెలకు ఇన్ని గంటలని బోధకు కేటాయిస్తారు. 2023లో ఆ లెక్కను 70 నుంచి 50 గంటలకు తగ్గించారు. గడువు తీరడం అంటూ లేదు కాబట్టి, తిరిగి రావడమన్న సమస్యా వారికి లేదు.

మోర్మన్ యువతకు అసలు పరీక్ష ఆ తిరిగి రావడమే. గడువు పూర్తి చేసినవారికి సంఘంలో గౌరవం, పెళ్లి సంబంధాల్లో మంచిపేరు. మన పట్టణాల్లోని చిన్న సంఘాల్లో బాధ్యతలు చాలావరకు వీరి భుజాలమీదే పడతాయి, ఎందుకంటే అక్కడ జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఆరోగ్యం చెడో, దిగులు పట్టో మధ్యలో వచ్చేసినవారిని మాత్రం చుట్టూ ఉన్నవారు ఓడిపోయినవారిగానే చూస్తారు. సంఘ పెద్దలు అలా చూడవద్దని చెబుతున్నా, ఎవరి అబ్బాయి ఎప్పుడు వెళ్లాడో, ఎప్పుడు రావాలో అందరికీ తెలిసిన చోట ఆ చూపు తప్పించుకోవడం కష్టం.