దొడ్డి నుంచి దర్బారు దాకా: ‘కర్టసీ’ అనే మాట కథ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నవాడిని. ఒక ఇంగ్లిషు మాట గురించి మాట్లాడతానంటే మన సంఘం కార్యదర్శి కాస్త తటపటాయించాడు. ‘కాలువల గురించి చెప్పరా, నీకు తెలిసిందేదో’ అన్నాడు. మాటలు కూడా కాలువల్లాంటివే, ఎక్కడో పుట్టి, ఎన్నో మలుపులు తిరిగి, చివరికి మన పొలంలోకి వస్తాయి అని చెప్పి ఒప్పించాను. ఇరవై నిమిషాలు ఇచ్చాడు. గంట కొట్టక ముందే ముగిస్తాను.

ఆ మాట ‘కర్టసీ’. మనకు బాగా తెలిసిన మాటే. పత్రికలో బొమ్మ కింద ‘ఫొటో కర్టసీ’ అని ఉంటుంది. దాన్ని తెలుగులో ‘సౌజన్యం’ అంటున్నాం. ఒక నాయకుడు ఇంకో నాయకుడి ఇంటికి వెళితే అది ‘కర్టసీ కాల్’. మన పత్రికలు ‘మర్యాదపూర్వకంగా కలిశారు’ అని రాస్తాయి. ఆ వార్త చదివిన మనం మాత్రం, లోపల ఏదో బేరం జరిగి ఉంటుందిలే అనుకుంటాం. మంచి అర్థమున్న మాట మీద ఇంత అనుమానం ఎందుకు వచ్చిందో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి పోవాలి.

కర్టసీ అంటే ‘కోర్టు’లో నడుచుకునే తీరు. కోర్టు అంటే ఇక్కడ న్యాయస్థానం కాదు, రాజుగారి కొలువు. మరి ఆ కోర్టు ఎక్కడిది? ఫ్రెంచి గుండా లాటిన్‌లోకి పోతే ‘కొహోర్స్’ అనే మాట దొరుకుతుంది. దాని తొలి అర్థం చుట్టూ దడి కట్టిన స్థలం. అచ్చంగా మన పశువుల దొడ్డి! దడి లోపలి స్థలం కాస్తా దడి లోపలి గుంపు అయింది. రోమన్ సైన్యంలో ఒక దళానికి ఆ పేరే పెట్టారు. గుంపు రాజు వెంట ఉండే పరివారమయింది. పరివారం కొలువయింది. కొలువులో రాజు తీర్పులు చెప్పేవాడు కాబట్టి న్యాయస్థానానికీ అదే పేరు వచ్చింది. తాలూకా ఆఫీసు పక్కనుండే కోర్టు, మన బడి వెనక సున్నంతో గీతలు గీసుకుని ఆడిన షటిల్ కోర్టు, రెండూ ఆ దొడ్డి సంతానమే. గీత లోపల ఒక లెక్క, గీత బయట ఒక లెక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి, మాట కథంతా ఆ గీత గురించే.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరవాత దాదాపు మూడు వందల ఏళ్లు అక్కడి కొలువు భాష ఫ్రెంచి. పొలంలో మనిషి ఇంగ్లిషు మాట్లాడితే కోటలో దొర ఫ్రెంచి మాట్లాడేవాడు. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లిషులో జరగాలని చట్టం చేసింది 1362లో. ఎందుకంటే ఫ్రెంచిలో జరిగే వాదన కక్షిదారుకు అర్థం కావడం లేదు. ఇంగ్లిషు భాషకే ఒకప్పుడు ఆ గతి పట్టిందంటే, మన బడిలో ఇంగ్లిషు పీరియడంటే వణికిన మనకు కాస్త ఊరట!

అలా కొలువు ఫ్రెంచి నుంచే ‘కర్టసీ’ ఇంగ్లిషులోకి దిగింది. దొరల ముందు ఎలా వంగాలి, బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి, ఎప్పుడు నోరు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఇదంతా కర్టసీ. దాన్ని నేర్పే పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చిన విలియం కాక్స్‌టన్ మొదట్లో వేసిన పుస్తకాల్లో కర్టసీ గురించి పిల్లలకు చెప్పే పద్యాల పుస్తకం ఒకటి.

కొలువు లోపలివాడికి ‘కర్టియస్’ అని పేరొస్తే, బయటివాడికి ఏ పేరొచ్చింది? ఇక్కడే నాలాంటి రైతు కొడుక్కి గుండె కలుక్కుమంటుంది. ‘విలన్’ అంటే సినిమాలో మనకు తెలిసిన దుర్మార్గుడు. ఆ మాటకు మొదటి అర్థం ‘విల్లా’లో, అంటే దొర భూమిలో పని చేసే మనిషి. పాలేరు, రైతుకూలీ. అతను చేసిన నేరమేమీ లేదు. కొలువు మర్యాద తెలియదు, అంతే. తెలియనివాడు మొరటువాడయ్యాడు, మొరటువాడు నీచుడయ్యాడు, నీచుడు దుర్మార్గుడయ్యాడు. ఇంగ్లిషులో మొరటువాణ్ణి తిట్టే ‘బూర్’ అనే మాటా అంతే, డచ్చి భాషలో దానికి అర్థం రైతు. ‘చర్ల్’ అనే ఇంకో తిట్టు ఒకప్పుడు మామూలు ప్రజకు పేరు. అన్నం పెట్టినవాడి పేర్లు మూడు తిట్లయ్యాయి.

మనం నవ్వుకోనక్కర్లేదు. సభలో కూర్చునేవాడిది సభ్యత, నగరంలో ఉండేవాడిది నాగరికత. మరి గ్రామంలో ఉండేవాడిది? ‘గ్రామ్యం’. పల్లె మనిషి నోటి మాటను పరీక్ష కాగితంలో రాస్తే తప్పు కింద లెక్క. గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోరాడింది ఆ గీత మీదే. ఈ ఊళ్లోని నా తరం వాళ్లు పట్నం కాలేజీకి వెళ్లి మొదటి రోజు నోరు తెరవగానే ఎవరో నవ్వి ఉంటారు. నన్ను చూసీ నవ్వారు. నవ్వింది నా లెక్కల్ని చూసి కాదు, నా యాసను చూసి.

ఆడవాళ్ల విషయంలో ఈ మాట ఇంకా అన్యాయంగా నడిచింది. కొలువులో ఉండే మగవాడు ‘కోర్టియర్’, గౌరవనీయుడు. కొలువు స్త్రీ అనే అర్థంతో ఇటలీ నుంచి వచ్చిన ‘కోర్టిజాన్’ మాత్రం వెలయాలయింది. మన ‘సాని’ గతి చూడండి. దొరసానిలో ఆమె దొరగారి భార్య, మంత్రసానిలో పురుడు పోసే తల్లి, ఒంటరిగా నిలబడితే మాత్రం తిట్టు. ఆడవాళ్లు మోకాళ్లు వంచి పెట్టే దండాన్ని ‘కర్ట్సీ’ అంటారు. అదీ వేరే మాట కాదు, కర్టసీనే నలిగి అలా అయింది.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. 1530లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు పిల్లల మర్యాదల మీద లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ముక్కు చొక్కాకు తుడుచుకోవడం పల్లెటూరి పని, మోచేతికి తుడుచుకోవడం చేపలమ్మేవాళ్ల పని అని అందులోనూ ఉంది. పాత గీత అంత తొందరగా చెరగదు కదా. కానీ దాంతోపాటు ఇంకో మాట కూడా ఉంది. తల్లిదండ్రుల్ని, పుట్టిన దేశాన్ని ఎవరూ ఎంచుకోలేరు. మంచి నడవడిని మాత్రం ఎవరైనా సంపాదించుకోవచ్చు అన్నాడు. పెళ్లికాని తల్లికి, ఒక మతగురువుకు పుట్టినవాడు ఎరాస్మస్. పుట్టుక గురించి ఆ మాట అనడానికి అతనికంటే అర్హుడెవరు? ఆ పుస్తకం యూరప్‌లో బళ్లకు చేరింది. కొలువు దడి దాటి మర్యాద బడిలోకి వచ్చింది. బడి అనేది ఎందుకుండాలో ఆ ఒక్క వాక్యంలో ఉందని నాకనిపిస్తుంది.

కొలువు మర్యాద కిందికి దిగడానికి ఇంకో గొప్ప ఉదాహరణ ‘యూ’ అనే మాట. ఒకప్పుడు ఇంగ్లిషులోనూ నువ్వు, మీరు వేరువేరుగా ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు. ‘యూ’ అంటే మీరు. పెద్దవాణ్ణి ఒక్కణ్ణయినా బహువచనంతో పిలవాలన్నది ఫ్రెంచి కొలువు నుంచి వచ్చిన అలవాటు. ఆ అలవాటు దొరల నుంచి వర్తకులకు, వర్తకుల నుంచి అందరికీ పాకింది. ఎవరిని నువ్వంటే ఏమనుకుంటారోనని అందర్నీ మీరనడం మొదలుపెట్టారు. పదిహేడో శతాబ్దంలో జార్జ్ ఫాక్స్, ఆయన వెంట నడిచిన క్వేకర్లు దీనికి ఎదురు తిరిగి, దేవుడి ముందు అందరూ సమానమేనని న్యాయమూర్తిని కూడా ‘దౌ’ అన్నారు. అది పొగరని దెబ్బలు తిన్నారు. చివరికి గెలిచింది ‘యూ’. ఇవాళ ఇంగ్లిషువాడు రాజుగారినీ మీరంటాడు, తన కుక్కనూ మీరంటాడు!

కానీ కర్టసీలో ఒక మెలిక మిగిలింది. ఇంగ్లండులో ‘బై కర్టసీ’ అంటే హక్కుగా కాదు, దయతలచి అని. ప్రభువు బతికుండగా పెద్దకొడుకును కూడా లార్డ్ అంటారు. అది కర్టసీ బిరుదు. అమెరికా చేజారిన రోజుల్లో బ్రిటన్ ప్రధాని లార్డ్ నార్త్ అలాంటి లార్డే. పేరుకు ప్రభువు, కూర్చున్నది మాత్రం సామాన్యుల సభలో. ఇచ్చినవాడి దయ మీద నిలబడే గౌరవం అది.

ఇప్పుడు మన మాట ‘మర్యాద’ను చూద్దాం. పెళ్లిలో మర్యాదలు తగ్గితే మగపెళ్లివారు అలుగుతారు. ‘మర్యాదగా వెళ్లిపో’ అంటే మాత్రం అది బెదిరింపు. సంస్కృతంలో మర్యాదకు తొలి అర్థం హద్దు, పొలిమేర, సముద్రపు ఒడ్డు. చిత్రం చూశారా, కొహోర్స్ దడి, మర్యాద హద్దు. రెండు మాటలూ గట్టు దగ్గరే పుట్టాయి. తేడా ఒక్కటే. దొడ్డి దడి బయటివాడు లోపలికి రాకుండా కట్టేది. సముద్రానికి ఒడ్డు, తన బలం తన హద్దు దాటకుండా ఉండేది. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడన్నది వంగి దండాలు పెట్టినందుకు కాదు, బలముండీ హద్దులో నిలిచినందుకు.

ఇదంతా ఒక ఇంజనీరుకు ఎందుకంటారా? చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన కాలువ మీది లస్కర్లను కూడా పేరు చివర ‘గారు’ పెట్టి పిలిచేవారు. తండ్రి వయసు లస్కరును పాతికేళ్ల ఇంజనీరు నువ్వనడం, ఆయన ‘అయ్యా’ అనడం చుట్టుపక్కల మామూలు. ఈయన పద్ధతి చూసి తోటివాళ్లు నవ్వుకునేవారు. ఒక తుపాను రాత్రి ఒంటిగంట దాటాక ఒక లస్కరు సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆయన తలుపు తట్టాడు. ‘సారూ, చెరువు కట్ట కింద ఊట ఎర్రగా వస్తోంది’ అన్నాడు. కట్ట కింద తేటనీరు ఊరితే అంత భయం లేదు. మట్టినీళ్లు వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని, బుంగ పడబోతోందని అర్థం. తెల్లారేదాకా ఇసుక, కంకర, బస్తాలు మోశాం. కట్ట నిలిచింది. కింద రెండు ఊళ్లు నిద్ర లేచి మామూలుగా పాలు పితుక్కున్నాయి.

అర్ధరాత్రి అధికారి తలుపు తట్టడానికి ఆ లస్కరుకు ధైర్యం ఎక్కడిది? ‘ఏమిట్రా ఈ వేళప్పుడు’ అనరన్న నమ్మకం నుంచి వచ్చింది. ఎన్నో ఏళ్లు ఆయన వాడిన ఆ ‘గారు’ ఆ ఒక్క రాత్రి పనిచేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అర్థమైంది ఇదే: మర్యాద పైనుంచి కిందికి పారకపోతే, నిజం కిందినుంచి పైకి రాదు. కింది నుంచి పైకి మాత్రమే నడిచే మర్యాదకు పేరు భయం. అది కట్టను కాపాడదు.

అందుకే ఈ స్వర్ణోత్సవ సంఘానికి రెండు విన్నపాలు. ఈ సంచికలో ఉపాధ్యాయుల పేర్ల పట్టిక ఉంది, చాలా సంతోషం. దాని పక్కనే, ఈ యాభై ఏళ్లలో గంట కొట్టినవారి, గదులూడ్చినవారి, మధ్యాహ్నం అన్నం వండినవారి పేర్లు కూడా అదే సైజు అక్షరాల్లో, ‘గారు’తో సహా వేయండి. సౌజన్యంగా కాదు, వాళ్ల హక్కుగా. రెండోది, వేదిక మీద కుర్చీలు చాలకపోతే కిందనే అందరం కలిసి కూర్చుందాం. గీత లేని చోట ఎవరూ బయటివాళ్లు కారు.

చివరగా పిల్లలకు ఒక మాట. రేపు పట్నంలో ఎవరైనా మీ యాసను చూసి నవ్వితే తలవంచకండి. అన్నం పండించేవాడి పేరును తిట్టుగా మార్చిన మాటలు, కాలం తిరిగి మళ్లీ అర్థం మార్చుకుంటాయి. మార్చేది నిఘంటువు కాదు, మాట్లాడే మనమే. మీ చేతికింద మనుషులు పనిచేసే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు వాళ్లను ఎలా పిలుస్తారో, మీరు నేర్చుకున్న చదువుకు అదే పరీక్ష.