తెగని కదలిక

ముక్కలుగా చిత్రించిన దృశ్యాన్ని ఒకే ప్రవాహంగా చూపే పద్ధతిని కంటిన్యుటీ అంటారు. 1960లో పుణెలో వెలసిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలకు వెళ్లలేని విద్యార్థులు కూడా దానిని చిన్న అభ్యాసంతో నేర్చుకోగలరు. చెన్నై–కోల్‌కతా రహదారి నుంచి నూజివీడు దారి చీలే హనుమాన్ జంక్షన్‌లో, ఒక ప్రయాణికుడు బస్సు దిగి, మామిడి గంపల దగ్గరకు నడిచి, అమ్మే ఆమెతో బేరమాడి, చిన్నరసం కొని తినే సన్నివేశం అందుకు చాలు.

ఇద్దరినీ కలుపుతూ ఒక గీత ఉన్నట్లు ఊహించుకుని, కెమెరాను ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉంచడం 180 డిగ్రీల నియమం. గీత దాటితే ఎదురెదురుగా నిలిచినవారు ఒకే వైపు చూస్తున్నట్లు తోస్తుంది. చేయి పండు వైపు సాగుతుండగా దూరపు షాట్‌ను కోసి, అదే కదలిక మధ్య నుంచి దగ్గరి షాట్‌ను అతికితే కన్ను ఆ కోతను పట్టుకోలేదు. అందుకే ఆ పనిని రెండు షాట్‌లలోనూ మొదటి నుంచి చివరిదాకా చేయించాలి.

అయితే రసం పండు మొండిది. ముచ్చిక తీసి సగం పీల్చిన పండు తరువాతి షాట్‌లో నిండుగా కనబడితే ఎంతటి ఎడిటరూ దాచలేడు కనుక, టేకు టేకుకూ ఫోటో తీసుకుని, ఒకే సైజు పండ్లు అరడజను పక్కన పెట్టుకోవాలి (అభ్యాసం ముగిసేసరికి అవి మిగలడం అనుమానమే). ఇక లారీల హారన్లు కోత కోతకూ తెగకుండా, కూడలి రొదను విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసి సన్నివేశం పొడవునా మాటల కింద పరుస్తారు.