తాళం వేసే ముందు



వేసవి సెలవులు అయిపోవచ్చాయంటే మనలో చాలామందికి ఒకటే హడావిడి. పిల్లల బడి తెరిచే రోజు ముంచుకొస్తుంది. ఆవకాయ జాడీలు మూతులకు గుడ్డలు కట్టించుకుని ప్రయాణానికి సిద్ధమవుతాయి. రైలు టిక్కెట్టు ఖాయమయిందో లేదోనని పదిసార్లు ఫోను చూసుకుంటాము. ఆ తొందరలో ఆఖరు గంటలో చేసే పని, ఊళ్ళో ఇంటికి తాళం వేయడం. ఈవేళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఆ పని గురించే. అది గంటలో తేలే పని కాదనీ, కనీసం నాలుగు రోజులు పెట్టుకోవలసిన పని అనీ నేను నష్టపోయాక గాని తెలుసుకోలేదు.

మా అత్తవారిది కోనసీమలో ఒక పల్లెటూరు. ఇల్లు పాతకాలపు మండువా లోగిలి. చూడనివారి కోసం చెబుతున్నాను: నాలుగు వైపులా పెంకుల వసారాలు, నడుమ ఆకాశం కనబడే జాగా. నాలుగు వాలుల మీద పడ్డ వాన ఆ నడిమి జాగాలోకి దిగి, ఒక మూలనున్న తూములోంచి వీధి కాలువలోకి పోతుంది. పెరటివైపు మాత్రం మావారు శ్లాబు వేయించి స్నానాలగది, మరుగుదొడ్డి కట్టించారు. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ అది నిండైన ఇల్లు. ఆవిడ పోయాక హైదరాబాదులో ఉండే మాకు అది సెలవుల ఇల్లయింది. సంక్రాంతికి పదిరోజులు, వేసవిలో ఒక నెల, వీలుపడితే దసరాకి నాలుగు రోజులు. మిగతా అన్నాళ్ళూ తాళమే.

2022 జూన్‌లో మొదటిసారి ఆ ఇంటికి నా చేత్తో తాళం వేశాను. చాలా జాగ్రత్తగా వేశాననే అనుకున్నాను సుమండీ! దుమ్ము రాకుండా కిటికీలన్నీ బిగించి సందుల్లో కాగితాలు కూరాను. అత్తయ్యగారి పుస్తకాలూ, ఫొటోలూ అట్టపెట్టెల్లో సర్ది గోడవారగా నేలమీద పేర్చాను. బయలుదేరుతూంటే పక్కింటి పిన్నిగారు వచ్చి, "తాళంచెవి ఒకటి నాకిచ్చి వెళ్ళమ్మాయ్" అన్నారు. "మీకెందుకు శ్రమ పిన్నిగారూ" అని రెండు చెవులూ నా సంచిలోనే వేసుకున్నాను. శ్రమ అన్నది పైకి అన్న మాట. లోపలి మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పట్నంలో ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషిని. ఒకరి చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఇల్లే అప్పగించినట్టు తోచింది.

ఆ జులైలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మావారు అర్ధరాత్రి దాకా టీవీ ముందునుంచి లేచేవారు కారు. లంక గ్రామాలు మునిగాయి గాని, మా ఊరు ఏటిగట్టుకు లోపల ఉంది కనుక ఏరు మా ఊళ్ళోకి రాలేదు. హమ్మయ్య, ఇల్లు దక్కింది అనుకున్నాము.

దసరాకి వెళ్ళి తలుపు తీశాము. ముందు వాసన కొట్టింది. తరవాత గోడ చూశాను. నేలనుంచి జానెడు ఎత్తున, గది చుట్టూ, గీత గీసినట్టు నీటి మరక! ఏరు రాలేదు. మా ఇంటి వాననీరే మా ఇంటిని ముంచింది. గాలికి ఎగిరివచ్చిన ఒక ప్లాస్టిక్ సంచి, దానిమీద ఎండు కొబ్బరాకు, రెండూ కలిసి తూము నోరు మూసేశాయి. మండువా నిండి, వసారా ఎక్కి, గదిలోకి వచ్చింది. నీరు తీసింది గాని తడి పోలేదు. గాలి రాకుండా సందులన్నీ నేనే మూశాను కదా! తడి ఉన్నచోటికి చెద వచ్చింది. అట్టపెట్టె పట్టుకుని లేపితే పైభాగం చేతిలోకి వచ్చింది, అడుగుభాగం మట్టయి నేలమీద ఉండిపోయింది.

అత్తయ్యగారు ముప్ఫయ్యేళ్ళపాటు, రోజూ రాత్రి పడుకోబోయే ముందు పద్దు రాసుకునేవారు. పాల లెక్క, చాకలి లెక్క, ఎవరికి చేబదులిచ్చారో, ఏ రోజు ఏ చుట్టం భోజనానికి ఉన్నారో, మావారికి ఏ నెలలో జ్వరం వచ్చిందో, అన్నీ అందులోనే ఉండేవి. ఆ పుస్తకాలన్నీ పోయాయి. అటకమీద రేకుపెట్టెలో మరిచిపోయినది ఒక్కటి మిగిలింది. మావారు ఏమీ అనలేదు. వెళ్ళి వీధి అరుగుమీద కూర్చున్నారు. కాసేపటికి, "అమ్మేద్దాంలే" అన్నారు.

పిన్నిగారు వచ్చి చూసి అన్న మాట నేను మరిచిపోలేను. "వాన పడుతూంటే మీ మండువాలో చప్పుడు మారింది. నీళ్ళు నిలిచాయని నాకు తెలుస్తూనే ఉందమ్మా. పుల్ల పెట్టి పొడిస్తే పోయేది. తాళం పగలగొట్టలేను కదా!" ఒక ఫోనైనా చేయలేకపోయారా అన్నాను, ఉక్రోషంగా. "నీ నెంబరు నాకెప్పుడిచ్చావు?" అన్నారావిడ. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఒక్క ఏడాది గడువివ్వమని మావారిని అడిగాను. అప్పటినుంచి తాళం వేసే పని ఎట్లా చేస్తున్నానో చెబుతాను. మీ ఇల్లు డాబా అయినా, పట్నం శివార్లలో కట్టుకున్న చిన్న ఇల్లయినా, ఇందులో చాలావరకు పనికివస్తుంది.

పని పైనుంచి మొదలుపెట్టాలి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందే కొబ్బరిచెట్లు దింపు తీయిస్తాను. కాయలతోపాటు ఇంటిమీదికి వాలిన ఎండుమట్టలు కూడా కొట్టించేస్తాను. "ఆయ్, మట్ట పడితే నాలుగు పెంకులండి, గెల పడితే ఇంకేవుందండి" అని మా దింపు తీసే అతను నవ్వుతూనే అంటాడు గాని, ఒక్క పెంకు పగిలినా నాలుగు నెలల వానకు దూలం నానిపోతుంది. కోతులూ పిల్లులూ కదిపిన పెంకులు సర్దిస్తాను. తూము నోటికి ఇనుప జల్లెడ బిగించాము. డాబా ఇల్లయితే పైకెక్కి నీళ్ళుపోయే గొట్టాల దగ్గర ఆకులు తీయించి, రెండు బిందెలు నీళ్ళు పోసి, అవి కిందికి వస్తున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. పైన ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే దాన్ని ఖాళీ చేయాలని చాలామంది అంటారు. తుపాను ప్రాంతంలో ఆ పని చేయకండి, ఖాళీ ట్యాంకు పెనుగాలికి ఎగిరిపోతుంది. నేను సగానికి పైగా నీళ్ళుంచి, మూత బిగించి, దోమ దూరకుండా పైన గుడ్డ కట్టిస్తాను. తిరిగి వచ్చాక ఆ నీళ్ళు పారబోసి, ట్యాంకు కడిగించి గాని వాడము.

ఇక చెద. చెదకు కావలసినవి తడి, చీకటి. ఆరుబయట గాలి తగిలితే ఎండి చస్తుంది కాబట్టే మట్టితో సొరంగం కట్టుకుని పాకుతుంది. కనుక బీరువాలూ మంచాలూ గోడకి జానెడు ఎడంగా జరపండి. గోడమీద మట్టిగీత పాకితే అప్పుడు కనబడుతుంది. అట్టపెట్టెలు, పాత పేపర్లు, కొబ్బరిపీచు నేలమీద ఒక్కటీ ఉంచకండి, అవి చెదకు వేసిన విస్తళ్ళే. కాగితాలు, ఫొటోలు రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను ఇటుకలమీద ఎత్తి ఉంచాలి. వేపాకు వేశాం కదా చాలుననుకోకండి. ఆస్తి కాగితాలూ, బంగారమూ అసలు మూసిన ఇంట్లో ఉంచేవి కావు.

గాలి సంగతి మనం తరుచు పొరపడే విషయం. ఇల్లు ఎంత బిగిస్తే అంత భద్రమనుకుంటాము. కిటికీరెక్కలు మూయండి గాని, పైనున్న గాలిరంధ్రాలు మాత్రం మూయకండి, వాటికి సన్నని వలకొట్టించండి. చెక్క అలమార తలుపులు కొంచెం తెరిచే ఉంచండి. పరుపులు ఎండబెట్టి, చుట్టి, మంచంమీద నిలబెట్టండి. బట్టల్లో నాఫ్తలీన్ ఉండలు వేస్తే, తిరిగి వచ్చాక ఉతికి ఎండలో వేసిన తరవాతే వాడాలి. చంటిపిల్లల బట్టల్లో, బొంతల్లో ఆ ఉండలు వేయనే వద్దు. ఆ వాసన కొందరు పసివాళ్ళకు రక్తం విరిగిపోయేంత హాని చేస్తుంది.

దోమల మాట కూడా చెప్పాలి. డెంగీ తెచ్చే దోమ మురుగు కంటె మంచినీటినే ఎక్కువ కోరుతుంది. దాని గుడ్లు ఎండిన పాత్ర అంచున నెలల తరబడి చావకుండా అంటుకుని ఉండి, నీరు తగలగానే పిల్లలవుతాయి. బకెట్లు, గంగాళాలు వంపేస్తే సరిపోదు, పీచుతో అంచులు తోమి బోర్లించాలి. మరుగుదొడ్డి వంకీలో నిలిచే నీరే మురుగువాసనకు అడ్డు. నాలుగు నెలల్లో అది ఆవిరైపోతుంది. అందులో రెండు చెంచాల వంటనూనె వేసి వస్తే నీరు అంత త్వరగా ఇంకదు, దోమపిల్లా బతకదు. నేలమీద నీళ్ళుపోయే జాలీలకు కూడా అంతే.

వంటింట్లో గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు కట్టేయడమే కాదు, దాన్ని ఊడదీసి సిలిండరుకు మూత పెట్టాలి. ఆ గ్యాసు గాలికంటె బరువు, కారితే నేలమీదే పేరుకుంటుంది. రబ్బరు గొట్టం అయిదేళ్ళు దాటిందేమో కూడా అప్పుడే చూసుకోండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు మధ్య గుడ్డముక్క పెట్టి తెరిచి ఉంచండి. దాని వెనకాల నీళ్ళతొట్టి ఉంటుంది, మరిచిపోతాము. దోసెపెనానికీ కత్తిపీటకీ నూనె రాయండి. బియ్యం, పప్పులు డబ్బాలో నాలుగు గింజలు కూడా ఉంచకండి. ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది. మా వైపు ఇది హాస్యానికి అనే మాట కాదు. ఇన్వర్టరు బ్యాటరీ నిండా ఛార్జి చేసి, వైర్లు తీయించి, తరవాత మెయిను కట్టేయండి. బ్యాటరీ ఖాళీగా నెలల తరబడి పడి ఉంటే మళ్ళీ కోలుకోదు.

పూజగదిలో దీపం వెలిగించి తాళం వేసే అలవాటు కొందరికి ఉంది. మా అత్తయ్యగారు కూడా ఊరికి వెళ్ళేటప్పుడు దీపం కొండెక్కేదాకా అరుగుమీద కూర్చుని, అప్పుడు బయలుదేరేవారు. నేనూ అంతే చేస్తున్నాను. తులసికోట పిన్నిగారి కంటికి ఆనే చోటే ఉంది, చిన్న విగ్రహాలు నాతో వస్తాయి.

ఇన్నీ చేసినా, అసలైన పని ఇంకొకటి. ప్రయాణానికి ముందురోజు పిన్నిగారిని చెయ్యిపట్టి ఇల్లంతా తిప్పుతాను. మెయిను ఎక్కడుందో, తూము ఎక్కడుందో, ఏ గోడకి చెద వచ్చిందో చూపిస్తాను. రెండో తాళంచెవి ఆవిడ చేతికిస్తాను. నా నెంబరూ మావారి నెంబరూ పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ అలమార తలుపుకు లోపలివైపు అంటించాను. పదిహేను రోజులకొకసారి, ఎండ కాసినరోజు చూసి ఆవిడ కిటికీలు తీస్తారు. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు. అందుకని దింపు కాయల్లో వంద ఆవిడవి, మేము వచ్చినప్పుడల్లా ఆవిడ మందులు పట్నంనుంచి తెస్తాము. వాకిలి ఊడ్చే అమ్మాయికి మాత్రం నెలనెలా ఫోనులో జీతం పంపుతాము. ఎండుటాకులు పేరుకున్న వాకిలి, ఈ ఇంట్లో ఎవరూ లేరని దొంగకు చెప్పే మాట. ఆ మాట మనమే ఫోనులో ప్రయాణం ఫొటోలు పెట్టి ఊరంతా చాటుకోవడం కూడా అంతే అనుకోండి.

తిరిగి వచ్చాక, లైటు వేయకముందే తలుపులు, కిటికీలు తీయండి. చీకటి మూలల్లో చెయ్యి పెట్టకముందు టార్చితో చూడండి. కుళాయిల్లో మొదటి నీళ్ళు కాసేపు వదిలేయండి.

మొన్న వర్షాకాలంలో ఒక సాయంత్రం పిన్నిగారి ఫోను వచ్చింది. "తూము దగ్గర ఆకులడ్డం పడ్డాయమ్మా, తీసేశాను. వసారా మీదికి రెండు పెంకులు జారాయి, మనిషిని పిలవనా?" అన్నారు. పిలవమన్నాను. మావారు పక్కనే ఉండి విన్నారు. పెంకులు ఎక్కడ జారాయో, ఈశాన్యం వైపా, పడమరవైపా అని ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆవిడనే అడిగారు. ఇల్లు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.