కిరాయి ఇంటికి కాగితం ఉండాలె



తెలంగాణ జిల్లాల నుంచి ముంబై పక్కనున్న భివండికి సాంచెల పనికి వచ్చిన మన కుటుంబాలు ఎన్నో కిరాయి ఖోలీల్లోనే సంసారం మొదలుపెట్టినయి. డిపాజిట్ చేతికిస్తం, నోటిమాట మీద ఉంటం. ఖాళీ చెయ్యమన్ననాడు ఎంత ఇచ్చినమో చూపడానికి కాగితం ఉండదు.

"పదకొండు నెలలకే కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు?" అంటరు. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999, 55వ సెక్షన్ ప్రకారం ఎన్ని నెలలకైనా ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఇంటి యజమానిదే. చెయ్యకపోతే, వేరే రుజువు లేనంతవరకు షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది.

డిపాజిట్, కిరాయి, కరెంటు బిల్లు, ఖాళీకి గడువు అన్నీ రాయించుకోండి. పైసలు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పడుగు గట్టిగుంటేనే బట్ట నిలుస్తది.