వెనక గుమ్మం నుంచి రేపటిలోకి

(యువకుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము ఒక రచయిత్రి గురించి చెబుదామని నిలబడ్డాం. ఆమెది మన ఊరు కాదు, మన దేశం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, పాసడీనా పట్నం. 1947లో పుట్టింది, 2006లో పోయింది. పేరు ఆక్టేవియా బట్లర్. నల్లజాతి మనిషి. రాసిందేమో సైన్సు ఫిక్షన్. అంటే ఇంకా రాని కాలాల గురించి, ఎవరూ చూడని లోకాల గురించి అల్లే కథలు. కూలిరేట్ల గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడుకునే చోట ఈ గాలికబుర్లు ఎందుకంటారా? కాస్త ఓపిక పట్టండి. ఇది మన పెద్దల సంగతి కూడా, మన పిల్లల సంగతి కూడా.

ఆక్టేవియా తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు. ఆమె పసితనంలోనే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. ఆ తల్లిని చిన్నప్పుడే బడి మాన్పించి పనిలో పెట్టారు. పనిచేసే ఇంట్లోకి ఆమె వెనక గుమ్మం నుంచే పోవాలి. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే, అసలక్కడ మనిషే లేనట్టు ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు. తల్లి వెంట పోయిన పిల్ల ఇదంతా చూసింది. చూసి సిగ్గుపడింది. ఆ వయసులో ఆమె సిగ్గుపడింది ఆ ఇంటివాళ్ళను చూసి కాదు, తల్లి చేసే పనిని చూసి.

కానీ అదే తల్లి, ఆ ఇళ్ళల్లో పారేసిన పుస్తకాలు ఏరి బిడ్డకు తెచ్చింది. పదేళ్ళ పిల్ల అడిగితే టైపుమిషను కొనిచ్చింది. పనిమనిషి ఇంట్లో టైపుమిషనంటే మాటలా! పిల్లకేమో చదివేటప్పుడు అక్షరాలు తికమకయ్యే ఇబ్బంది. డిస్లెక్సియా అంటారు దాన్ని. నల్లవాళ్ళు రచయితలు కాలేరమ్మా అని సొంత చిన్నమ్మే చెప్పింది. చెడ్డతనంతో కాదు, పిల్ల రేపు దెబ్బతినకూడదని. పన్నెండేళ్ళప్పుడు టీవీలో అంగారకగ్రహపు ఆడమనిషి గురించి ఒక నాసిరకం సినిమా చూసి, ఇంతకంటే మంచి కథ నేను రాయలేనా అనుకుంది. ఆమె రాత అట్లా మొదలైంది.

చదువయ్యాక చేయని పని లేదు. గిన్నెలు కడిగింది. ఫోన్లో సరుకులమ్మింది. ఆలూ చిప్స్ ఫ్యాక్టరీలో మంచీచెడూ ఏరింది. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి రాసుకుని, తర్వాత పనికి పోయేది. 1970లో క్లారియన్ అనే రచయితల శిక్షణ శిబిరంలో కూర్చుంది. అక్కడ పాఠం చెప్పినవాళ్ళలో శామ్యూల్ డెలానీ ఒకడు. ఈమెకంటే ముందే సైన్సు ఫిక్షన్లో పేరు తెచ్చుకున్న నల్లజాతి రచయిత. అక్కడ రెండు కథలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఐదేళ్ళు ఒక్క కథ కూడా పోలేదు. అయినా రాయడం ఆపలేదు. మొదటి నవల 'ప్యాటర్న్ మాస్టర్' 1976లో వచ్చింది. ప్రేరణ కోసం కూచోవద్దు, అలవాటు చేసుకోండి అని తర్వాతి వాళ్ళకు ఆమె చెప్పింది ఈ అనుభవంతోనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఆమె కాలేజీ రోజుల్లో నల్లవాళ్ళ ఉద్యమం ఉధృతంగా ఉంది. తోటి కుర్రాడొకడు, నల్లవాళ్ళ చరిత్ర బాగా చదివినవాడే, ఒక మాటన్నాడు. మనల్ని ఇన్నాళ్ళు వెనక్కి పట్టి ఉంచిన ఈ ముసలివాళ్ళందర్నీ చంపెయ్యాలని ఉంది, కాకపోతే మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాలి అని. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. చరిత్ర వాడి తలకెక్కింది గానీ ఒంటికి పట్టలేదు అనుకుంది. తన తల్లి గుర్తొచ్చింది. తల్లి ఆ వెనక గుమ్మంలోంచి పోబట్టే కదా తాను కడుపునిండా తిన్నది!

ఆ కుర్రాడికి జవాబుగా రాసిందే 'కిండ్రెడ్', 1979. కథ వినండి. 1976లో డేనా అనే ఇరవయ్యారేళ్ళ నల్ల యువతి లాస్ ఏంజెలెస్ దగ్గర్లోని కొత్త ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతాయి. కళ్ళు తెరిస్తే నూటయాభై ఏళ్ళకు పైగా వెనక్కి, మేరీలాండ్‌లో ఒక నది ఒడ్డున ఉంటుంది. నీళ్ళలో మునుగుతున్న తెల్లపిల్లవాణ్ణి కాపాడుతుంది. వాడు రూఫస్, బానిసలతో సాగు చేయించే భూస్వామి కొడుకు. వాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా కాలం ఈమెను లాక్కుపోతుంది. అట్లా ఆరుసార్లు. వాణ్ణి ఎందుకు కాపాడాలి? ఎందుకంటే వాడు ఆలిస్ అనే నల్లస్త్రీని బలవంతాన పట్టుకుని కన్న బిడ్డే డేనా వంశానికి మొదలు. వాడు ముందే చస్తే ఈమె పుట్టుకే లేదు.

అక్కడ వంట చేసే సారా అనే ఆమె ఉంటుంది. ఎప్పుడూ ఎదురు చెప్పదు. డేనా మొదట ఆమెను చులకనగా చూస్తుంది, యజమానికి అమ్ముడుపోయిన మనిషని. మెల్లగా తెలుస్తుంది. సారా కొడుకులు ముగ్గుర్నీ యజమాని అమ్మేశాడు. మాట రాని కూతురు ఒక్కతే మిగిలింది. ఆ కూతుర్ని కూడా అమ్మేయకుండా ఉండటానికే ఆ తల్లి నోరు కట్టేసుకుంది. చదువుకున్న డేనా కూడా కొరడా తిని, పారిపోబోయి దొరికి, తానెంత తొందరగా అణిగిపోతుందో తానే చూసుకుంటుంది.

మిత్రులారా, వాళ్ళ బానిసత్వం, మన అంటరానితనం ఒకటేనని మేము అనం. దేని పుట్టుక దానిది, దేని గాయం దానిది. కానీ చుట్టరికం కొత్తది కాదు. 1946లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. అందుకే ఆ కుర్రాడి మాట మనకూ తగులుతుంది. మా తాతలు వంగబట్టే కదా మనకీ గతి అని మన కుర్రాళ్ళు అనడం మేము విన్నాం. దాచుకోవడమెందుకు, మాలో కొందరం అన్నవాళ్ళమే. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకున్న తాతను చూసి తల దించుకున్నవాళ్ళమే. ఆ తాత చెప్పులు చేతబట్టిన పూట ఇంట్లో ఎన్ని నోళ్ళు గంజి తాగాయో అప్పుడు లెక్కేయలేదు.

అట్లాగని ఓర్పుకు దండవేయమని బట్లర్ చెప్పలేదు. చివరికి రూఫస్ తనను చెరచబోతే డేనా కత్తి దించుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడమచెయ్యి పోగొట్టుకుంటుంది. ఆ రోజు 1976 జులై 4, అమెరికా స్వాతంత్ర్యానికి సరిగ్గా 200 ఏళ్ళు. ఆ దేశం పండగ చేసుకునే రోజున ఈమె ఒంటిచేత్తో మిగులుతుంది. చరిత్రలోంచి ఎవరూ నిండుమనిషిగా బయటపడరని దాని అర్థం.

ఈ నవల కోసం ఆమె బస్సెక్కి మేరీలాండ్ పోయింది. దగ్గర్లోనే జార్జి వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్ కూడా చూసింది. ఆ రోజుల్లో అక్కడ గైడ్లు బానిసలు అనే మాట ఎత్తేవాళ్ళు కాదట, నౌకర్లు అనేవాళ్ళట. చూశారా, మాట మారిస్తే నేరం మాయం! అట్లా మాయమైన మాటల్ని బట్లర్ వెనక్కి తెచ్చింది.

ఆమె శైలి సంగతి. వాక్యం చిన్నది, తిన్ననిది. అలంకారాలు లేవు. డేనా కాలంలో వెనక్కి ఎట్లా పోయిందో మిషను లెక్కలేమీ చెప్పదు. పోయింది, పోయాక దెబ్బ ఎట్లా తగిలింది, అదే చెబుతుంది. ఆ నవల్లో సైన్సు లేదని, అది సైన్సు ఫిక్షన్ కాదని ఆమే అనేది. ఆమె కథల్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఒకరి చేతిలో పెత్తనం, ఇంకొకరి చేతిలో ఏమీ లేనప్పుడు ఇద్దరూ ఏమైపోతారు? ఆమె కారు నడపలేదు, బస్సుల్లోనే తిరిగింది. ఒక రోజు బస్సులో ఉత్తపుణ్యానికి జరిగిన కొట్లాట చూసి, మనుషులకు మాటే పోతే ఎట్లా ఉంటుందని 'స్పీచ్ సౌండ్స్' రాసింది. దానికి 1984లో హ్యూగో అవార్డు వచ్చింది. మరుసటి ఏడు 'బ్లడ్ చైల్డ్' కథకు మళ్ళీ హ్యూగో. దానికే నెబ్యులా కూడా. సైన్సు ఫిక్షన్లో ఇవే పెద్ద బహుమతులు.

అయినా 1987లో ఆమె నవల 'డాన్' వచ్చినప్పుడు ఏం చేశారు? కథానాయిక లిలిత్ నల్లస్త్రీ. అట్ట మీదేమో తెల్లామెను వేశారు. రచయిత్రికి బహుమతులివ్వొచ్చు గానీ నల్లముఖం అట్ట మీద ఉంటే పుస్తకం పోదంట! వెనక గుమ్మం ఇంకా మూయలేదన్నమాట.

1993లో 'పేరబుల్ ఆఫ్ ద సోవర్' రాసింది. కథాకాలం 2024 నుంచి. పెట్రోలు కంటే నీళ్ళ ధర ఎక్కువ. కంపెనీలు ఊళ్ళు కట్టి, అప్పులో దింపి, ఆ అప్పు తీరేదాకా చాకిరీ చేయించుకుంటాయి. పాలేరు అప్పు తెలిసిన మనకు ఇది గ్రహాంతరం సంగతా? దాన్ని ఎదిరించి జనాన్ని కూడగట్టేది లారెన్ అనే నల్లపిల్ల. ఎదుటివాడి నొప్పి తన ఒంట్లోనే తెలిసే పిల్ల. ఆ కథకు రెండో భాగం 1998లో వచ్చి 1999 సంవత్సరపు నెబ్యులా తెచ్చుకుంది. ఈ లోపే 1995లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, 2,95,000 డాలర్లు. సైన్సు ఫిక్షన్ రాసేవాళ్ళలో అది మొదట ఆమెకే. ఆ డబ్బుతో ఇల్లు కొని తల్లిని పెట్టుకుంది. ముందు గుమ్మం ఉన్న ఇల్లు.

నా పుస్తకాలు ఎక్కువ అమ్ముడుపోయే జాబితాలోకి ఎక్కుతాయని ఆమె ఎప్పుడో నోటుబుక్కులో రాసుకుంది. 2020లో 'సోవర్' ఆ జాబితా ఎక్కింది. అప్పటికి ఆమె పోయి 14 ఏళ్ళు. 2021లో అంగారకుడి మీద పర్సీవరెన్స్ రోవర్ దిగిన చోటుకు నాసా ఆమె పేరు పెట్టింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మనల్ని మన బాధే రాయమంటారు. రాస్తాం, రాయాలి. కానీ రేపటి కాలం కూడా మనదే. అందులో మనోళ్ళు ఎట్లా ఉంటారో మనం రాయకపోతే, మనం లేని రేపటిని వాళ్ళు రాసి అచ్చేస్తారు. అందుకే ఇంటికి పోయి ముందు మీ అమ్మ దగ్గర కూచోండి, నాయనమ్మ దగ్గర కూచోండి. ఏ గుమ్మంలోంచి పోయావే, ఏం విన్నావే, ఎట్లా ఓర్చుకున్నావే అని అడగండి. సిగ్గుపడకుండా వినండి. విన్నది రాయండి. ఆ తర్వాత నూరేళ్ళ అవతలి మన వాడ గురించి రాయండి. వచ్చే తరగతికి ఆ రెండు కాగితాలూ తెచ్చినవాళ్ళకు మేమే లేచి కుర్చీ వేస్తాం.

జై భీమ్!